అడిగినవన్నీ ఇచ్చేసిన జట్టు

ఎదుటివాళ్ళు మొదటి మాటకే సరేనంటే ఆ పూట నాకు అన్నం సయించదు.

ఇది నా తప్పు కాదు, పెంపకం. తెనాలిలో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. ఎడమ పక్క బట్టల కొట్టు పెదనాన్నది, కుడి పక్క గాజుల కొట్టు మేనమామది. బడి నుంచి రాగానే గల్లాపెట్టె పక్కన పీట మీద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. అక్కడ నాకు వంటబట్టిన చదువు ఒక్కటే. అడిగేది ఒకటి, అనుకునేది ఒకటి, చివరికి కుదిరేది ఇంకొకటి. నాన్న ఒక అంకె చెప్పేవాడు. వచ్చినావిడ అందులో సగం అడిగేది. నాన్న నొచ్చుకునేవాడు. ఆవిడ మెట్లు దిగేది గానీ చెప్పులు తొడుక్కోవడానికి అయిదు నిమిషాలు తీసుకునేది. నాన్న వెనక్కి పిలిచేవాడు. ఆవిడ బిందె చంకనెత్తుకుని వెళ్ళేటప్పుడు ఇద్దరి మొహాల్లోనూ వెలుగే. అలా కాకుండా ఎవరైనా చెప్పిన అంకెకే తలూపితే, తక్కువ చెప్పానేమోనని నాన్న రోజంతా మథనపడేవాడు. అదే ఆవిడ అడిగిన సగానికి నాన్న వెంటనే ఒప్పుకుంటే, ఆవిడ బిందె తలకిందులు చేసి సొట్ట ఎక్కడుందా అని వెతికేది. అందుకని నాన్న, బేరం గిట్టినా సరే, ముందు పైకప్పు వంక చూసి, నిట్టూర్చి, లోలోపల పది లెక్కపెట్టుకుని అప్పుడు ఊఁ అనేవాడు.

"ఇది మోసం కాదే, మర్యాద," అనేవాడు నాతో. "వచ్చినవాళ్ళని గెలిచినట్టు పంపాలి."

చదువుకని ఆక్లాండ్ వచ్చి, ఉద్యోగం దొరికి, పెళ్ళయి, ఇక్కడే సెటిల్ అయ్యి ఇరవై ఏళ్ళు. ఆ బుద్ధి మాత్రం నాతోనే ఉంది. న్యూ లిన్‌లో మేమున్న అపార్ట్‌మెంట్ కొన్నప్పుడు ఏజెంటు నా మొదటి అంకెకే తలూపాడు. ఎనిమిదేళ్ళయింది. ఇప్పటికీ పెద్ద వాన పడితే గోడలు తడిమి చూస్తాను. చెమ్మ ఎప్పుడూ తగల్లేదు. అది కూడా నాకు అనుమానంగానే ఉంటుంది.

మా అమ్మాయి గోల్‌కీపర్. ఇక్కడ హైస్కూలునే కాలేజీ అంటారు. ఈ కథ జరిగిన ఏడాది అందులో దానికి చివరిది. వాళ్ళ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ముందటేడు దేశం మొత్తం మీది కాలేజీల టోర్నమెంటు గెలిచింది. ఆ జట్టుకి మేనేజర్‌ని నేను. మేనేజర్ అంటే ఏదో అనుకునేరు. జెర్సీలు ఉతకడం, కమలాపళ్ళు కోసి డబ్బాల్లో పెట్టడం, పిల్లల్ని కార్లలో సర్దడం, మ్యాచ్‌లు కుదర్చడం, ఇవన్నీ జీతం లేకుండా చేసే తల్లినో తండ్రినో ఇక్కడ మేనేజర్ అంటారు. ఏడాది మొదట్లో మీటింగు పెట్టి కోచ్, అంటే కాలేజీలో సైన్సు చెప్పే ఒక కుర్ర మాస్టారు, "ఎవరు చేస్తారు?" అని అడిగాడు. తల్లిదండ్రులంతా తలొంచుకుని ఎవరి బూట్లు వాళ్ళు చూసుకుంటున్నారు. బల్ల మీద అన్ని బిస్కెట్లు ఊరికే ఎందుకు పెట్టారా అని నేను తలెత్తి చూశాను. దొరికిపోయాను.

జూన్‌లో ఒక శనివారం మ్యాచ్ అయ్యాక ఒకావిడ మా వైపు వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, మెరిసే పసుప్పచ్చ పనిచొక్కా, మోకాళ్ళ దాకా మట్టి. వృత్తికి ప్లంబరు. సాయంత్రాలూ వారాంతాలూ ఊళ్ళో ఒక క్లబ్బు ఆడవాళ్ళ జట్టుకి కోచ్. ఆ జట్టులో ఆడేవాళ్ళకి జీతాలిస్తారు. మహా ఎక్కువేం కాదు, కానీ ఇస్తారు. అంచేత వాళ్ళు ప్రొఫెషనల్సే. లీగు పట్టికలో మాత్రం అట్టడుగున ఉన్నారు. ఆ సీజన్‌లో అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

"వచ్చే సీజన్‌కి మీ అమ్మాయి మాకు కావాలి," అంది ఆవిడ, పైపు ఎక్కడ పగిలిందో చెప్పినంత మామూలుగా. "జూలై సెలవులు అయ్యేలోపు చెబితే చాలు."

ఒక్క మ్యాచ్ గెలవని జట్టు మా పిల్లని ఎందుకు అడుగుతోంది? వేరే ఎవరూ దొరకలేదా? పాత గోల్‌కీపర్ ఎందుకు మానేస్తోంది? కారెక్కేలోపు ఇలాంటివి నాకు పదకొండు తట్టాయి. మా అమ్మాయికి ఒక్కటే తట్టింది.

"అమ్మా, నేను వాళ్ళ ముందు నిలబడగలనా?"

దాని ముందు రెండు దారులున్నాయి. దూరంగా పామర్‌స్టన్ నార్త్ అనే ఊరు వెళ్ళి ఆహార శాస్త్రం చదవడం ఒకటి. అక్కడ ఆ చదువు బాగుంటుందని పేరు, హాస్టల్‌కి దరఖాస్తు కూడా పెట్టింది. ఆక్లాండ్‌లోనే అదే చదువు కాస్త తక్కువ పేరున్న చోట చదువుతూ ఈ జట్టులో చేరడం రెండోది. నాకు మొదటిదే ఇష్టం. చదునైన ఊరు, సైకిలు మీద క్లాసుకి పోవచ్చు, బురదలో పడి దొర్లక్కర్లేదు.

"మా టీమూ వాళ్ళూ ఒక మ్యాచ్ ఆడితే తెలిసిపోతుంది," అంది అది. "గెలిచినా ఓడినా ఓకే. నిలబడగలిగితే ఇక్కడే ఉంటా. లేకపోతే పామర్‌స్టన్ నార్త్ వెళ్ళిపోతా. గెస్ చేసి డిసైడ్ చేయడం నాకు ఇష్టం లేదు."

సరేనన్నాను. మేనేజర్‌ని కదా, కుదర్చాల్సింది నేనే. ఫోన్ చేస్తే ప్లంబరమ్మ ఆడదామంది, వివరాలు కలిసి మాట్లాడుకుందామంది.

సెలవులకి వారం ముందే మా ఇంట్లో ఒక అతిథి. మావారు చదువుకునే రోజుల్లో ఆయనతో ఒకే ఫ్లాట్‌లో ఉన్న స్నేహితుడు. ఇప్పుడు క్రైస్ట్‌చర్చ్‌లో కట్టడాల ఇంజినీరు. ఆఫీసు పని మీద రెండు వారాలకని దిగాడు. మ్యాచ్ సంగతి వినగానే పప్పన్నం ముందు పెట్టుకుని వాదన మొదలెట్టాడు.

"మన పిల్లలే గెలుస్తారు, రాసిస్తా. వీళ్ళు దేశంలో ఫస్టు, వాళ్ళు లీగులో లాస్టు."

"లాస్టయితే మాత్రం? జీతం తీసుకుని ఆడుతున్నారు కదరా," అన్నారు మావారు.

"జీతం తీసుకునేవాళ్ళంతా పని చేస్తారా? ఒకసారి మా ఆఫీసుకొచ్చి చూడు."

"నవ్వులాట కాదు. ఆ లాస్టు జట్టులో ఉన్న ప్రతి ఒక్కతీ ఒకప్పుడు తన కాలేజీలో ఫస్టే. మన జట్టులో ముందు ముందు అక్కడి దాకా వెళ్ళేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళలో పదకొండుమందీ వెళ్ళినవాళ్ళే."

"వదినా, మీరేమంటారు?"

"ముందు అసలు వాళ్ళు ఎందుకు ఆడతామంటున్నారో తెలియాలి," అన్నాను.

"మీరు మారరు," అన్నాడతను, ఆవకాయ కలుపుకుంటూ.

మా అమ్మాయి పళ్ళెం ఎత్తుతూ, "అంకుల్, ఆడితే తెలుస్తుంది కదా," అంది.

ప్లంబరమ్మని వాళ్ళ గ్రౌండు బయట కార్ పార్కులో కలిశాను. తుంపర పడుతోంది. ఆవిడ వ్యాను వెనక తలుపెత్తి దాని కింద నిలబడింది. నాకు నిజంగా కావలసింది ఒక్కటి: మ్యాచ్ మా గ్రౌండులో జరగాలి. మా అమ్మాయికి ఆ గోలూ, దాని ముందున్న నేలా అలవాటు. ఒకటి కావాలంటే ఆరు అడగాలి. అడిగాను. మా గ్రౌండు. మా రిఫరీ. నలభై అయిదు నిమిషాల సగం కాకుండా ముప్ఫై నిమిషాలది. మేం ఎంతమందినైనా, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. మీ తొమ్మిదో నంబరు, విదేశాల్లో ఆడొచ్చిన ఆ పొడుగు స్ట్రైకర్, దిగకూడదు. ఆమెకి బంతులందించే నడిమి వరస ఇద్దరూ దిగకూడదు.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. "ఏంటమ్మా, మమ్మల్ని కాళ్ళు కట్టేసుకుని ఆడమంటావా?" అంటుందని, అందులో మూడు కొట్టేస్తుందని, నేను నొచ్చుకుని ఇంకొకటి వదులుకుంటానని, చివరికి గ్రౌండు నాకు మిగులుతుందని అనుకున్నాను.

"యా, నో వరీస్," అంది.

"అన్నీనా?"

"అన్నీ. ఆదివారం పదిన్నరకి కుదురుతుందా?"

ఉందనుకున్న మెట్టు లేకపోతే కాలు ఎలా పడుతుందో నా మనసు అలా పడింది. అలవాటు కొద్దీ కారు వైపు రెండడుగులు నింపాదిగా వేశాను, వెనక్కి పిలుస్తుందేమోనని. వ్యాను తలుపు దబ్బున పడిన చప్పుడు. తిరిగి చూస్తే ఆవిడ రోడ్డెక్కేసింది.

ఆ వారమంతా నాకు ఒకటే ఆలోచన. ఎందుకు ఒప్పుకుంది? ఆదివారం వచ్చేసరికి కనిపెట్టేశాననుకున్నాను. మా పెదనాన్న బట్టల కొట్లో, చూడగానే వచ్చినవాళ్ళు పడిపోవాలని, కట్ట మీద అన్నిటికంటే మంచి చీర పెట్టేవాడు. ఈవిడా అంతే. కావాలనే ఓడిపోతారు. మా పిల్ల ఉబ్బిపోతుంది, సంతకం పెట్టేస్తుంది. అంటే నా ఆరు షరతులూ నేను పెట్టినవి కావు, ఆవిడే నా చేత పెట్టించుకుంది! ఇంత తెలివిగా ఆలోచించిన నేను, ఆ షరతుల సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సైన్సు మాస్టారికి కూడా "మ్యాచ్ కుదిరింది" అని మాత్రమే చెప్పాను. బేరంలో ఏం మాట్లాడుకున్నామో బయటపెట్టడం మా వంశంలో లేదు.

మా గ్రౌండుకి ఎదురుగా ఒక ఆంటీది డెయిరీ ఉంది. ఇక్కడ డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, పాలూ బ్రెడ్డూ చాక్లెట్లూ అమ్మే వీధి కొట్టు. ఆవిడ ముత్తాతలు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో పనికని ఫిజీ వెళ్ళినవాళ్ళు. ఆవిడ తెలుగు అక్కడక్కడా చిరిగిన పాత దుప్పటిలా ఉంటుంది, చిరుగుల్లోంచి హిందీ, ఇంగ్లీషు కనిపిస్తుంటాయి. ఆవిడ మనవరాలు మా అమ్మాయికి ముందు, డిఫెన్సులో ఆడుతుంది. మ్యాచ్ ఉన్న రోజు కొట్టు కోడలికి అప్పగించి మడత కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చుంటుంది.

"ఏటమ్మా, మొకం అలాగ పెట్టేవు? మన పిల్లలు గెలుస్తన్నారు కదా," అంది ఆ ఆదివారం.

"గెలుస్తున్నారు కాబట్టే, ఆంటీ."

అవతలి గట్టు మీద ఒక పొడుగాటి మనిషి మోకాళ్ళ దాకా కోటు వేసుకుని నిలబడి ఉంది. మా అమ్మాయి బంతి పట్టినప్పుడల్లా చప్పట్లు కొడుతోంది. నేను మ్యాచ్ కంటే ఆమెనే ఎక్కువ చూశాను.

రెండు గోల్స్‌కి ఒకటి. మా పిల్లలే గెలిచారు. మా అమ్మాయి మూడు మంచి షాట్లు ఆపింది. క్రైస్ట్‌చర్చ్ స్నేహితుడు "చెప్పానా, చెప్పానా!" అంటూ మావారి వీపు మీద దరువేశాడు. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోతున్నారు. నేను ప్లంబరమ్మ మొహం చూశాను. ఓడినవాళ్ళకి ఉండాల్సిన ముఖం కాదది. తన పిల్లలకి నీళ్ళ సీసాలు అందిస్తోంది, ఈల కూడా వేస్తోంది.

మ్యాచ్ అయ్యాక బల్లేసి సాసేజీలు కాల్చి బ్రెడ్డులో పెట్టి ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. మాంసం తినని మాలాంటి వాళ్ళకి ఉల్లిపాయలతో బ్రెడ్డు. అది చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా ఆ కోటు మనిషి మా అమ్మాయి దగ్గరికి వచ్చింది.

"బాగా ఆపావు. మీ మేనేజర్ నన్ను దిగనిచ్చి ఉంటే నీకు ఇంకాస్త పని చెప్పేదాన్ని," అని నవ్వింది.

"మా మేనేజరా?"

"నన్నూ, వాళ్ళిద్దర్నీ. పర్లేదులే, మాకూ సెలవు దొరికింది."

మా అమ్మాయి మెల్లగా నా వైపు తిరిగింది. దాని చేతిలో గ్లవ్స్ ఇంకా ఉన్నాయి. నా నోట్లో ఉల్లిపాయ ఉంది.

కారులో ఇంటికి బయల్దేరాం. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు అడిగింది.

"ఎన్ని అడిగావ్?"

"ఆరు."

"సిక్స్!"

"వాళ్ళు మూడైనా కొట్టేస్తారనుకున్నానే."

"అలా ఎవరు చేస్తారు?"

"అందరూ చేస్తారు. తెనాలిలో."

"అమ్మా, వాళ్ళకి అదేం తెలుసు? నువ్వు అడిగావంటే నీకు నిజంగా కావాలేమో అనుకున్నారు."

రైలు వెళ్ళిపోయింది. గేటు లేచింది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు. నలభై ఏడేళ్ళు వచ్చాయి నాకు. అడిగినదే కావాలనుకునే మనుషులు ప్రపంచంలో ఉంటారన్నది నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"నేను ఒక్కటే అడిగాను," అంది కిటికీ వైపు తిరిగి. "తెలియాలి అన్నాను. ఇప్పుడు వాళ్ళ దగ్గరికి వెళ్ళాలో లేదో నాకు తెలీదు. చెప్పడానికి రెండు వారాలే ఉంది. ఈ మ్యాచ్ నేను ఆడలేదు, నువ్వు ఆడావు."

మర్నాడు పాలకని డెయిరీకి వెళ్ళి ఆంటీకి జరిగింది చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడ సీసా సంచిలో పెడుతూ, "నీకేటి కావాలో తిన్నగా అడగలేవా? నోరు అరిగిపోద్దా?" అంది. తరవాత, జాలి పడిందేమో, ఒక చాక్లెట్ కూడా పెట్టింది. ఎందుకు పెట్టిందా అని ఇంటికొచ్చేదాకా ఆలోచించాను.

ప్లంబరమ్మకి ఫోన్ చేస్తే పక్క వీధిలోనే పనిలో ఉన్నానంది. వెళ్ళేసరికి, నేలకి కాస్త ఎత్తులో కట్టిన ఒక చెక్క ఇంటి కింద దూరి ఉంది. బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ బూట్లతోనే మాట్లాడాను.

"ఇంకొక్క మ్యాచ్ కావాలి."

"ఈసారి ఎన్ని షరతులు?"

"ఒక్కటీ లేదు." చెప్పేశాక నా నాలుక ఆగలేదు, 'మా గ్రౌండయితే' అనబోయింది. దాన్ని పళ్ళ మధ్య పట్టుకుని ఆపాను.

ఆవిడ పాకుతూ బయటికొచ్చి కూర్చుంది. నుదుటి మీద సాలెగూడు. "అసలు అవన్నీ ఎందుకు అడిగారు?"

చెప్పాను. బిందెలు, మెట్లు దిగే ఆవిడ, పైకప్పు చూసే నాన్న, మొత్తం. ఆవిడ నోరు తెరుచుకుని విన్నది.

"మీరు భయపడుతున్నారనుకున్నాను," అంది చివరికి. "మావాళ్ళు గుద్దితే పిల్లలకి దెబ్బలు తగులుతాయని. తల్లి కదా, మొహమాటపడి అడుగుతోందేమోనని అన్నిటికీ సరేనన్నాను."

నేను వారం రోజులు తవ్విన కుట్ర అడుగున ఉన్నది అది.

"ఈసారి మా గ్రౌండు, మా రిఫరీ, పూర్తి తొంభై నిమిషాలు. ఆదివారం పది," అని మళ్ళీ ఇంటి కిందికి దూరింది. నేను "సరే" అన్నాను. పైకప్పు చూడలేదు. చూడ్డానికి పైకప్పూ లేదు.

ఆ ఆదివారం గురించి తక్కువ చెబితేనే మంచిది. మొదటి సగం అయ్యేసరికి అయిదు. మాకు సున్నా. కోటు విప్పిన ఆ తొమ్మిదో నంబరు బంతి వంక చూడదు. బంతి ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే ఉంటుంది. మా పిల్లలు ఆలోచించుకునేలోపు వాళ్ళ పని అయిపోతోంది. బలం తేడా ఉంటుందని మేం లెక్కేసుకున్నాం గానీ తేడా కాళ్ళల్లో లేదు, ఆ ఒక్క క్షణంలో ఉంది. మా అమ్మాయి చేతులు వెళ్ళాల్సిన చోటికే వెళుతున్నాయి, బంతి వెళ్ళిపోయాక. క్రైస్ట్‌చర్చ్ స్నేహితుడు మూడో గోలుకి "పార్కింగు చూసొస్తా" అని వెళ్ళినవాడు తిరిగి రాలేదు.

"ఈళ్ళు ఆడతన్నారా, మన పిల్లల్ని ఇల్లు కాళీ చేయిస్తన్నారా?" అంది ఆంటీ.

రెండో సగంలో మా అమ్మాయి మారింది. గోలు గీత దగ్గర నిలబడి ఎదురుచూడటం మానేసింది. ముందుకొచ్చి నిలబడి, గొంతు చించుకుని, ఆంటీ మనవరాలిని "లెఫ్ట్! లెఫ్ట్!" అని అదిలిస్తూ ఆడింది. రెండుసార్లు తొమ్మిదో నంబరు కాళ్ళ మీదికే దూకింది. ఆ సగంలో ఒక్కటే గోలు.

కానీ నేను ఇంకొకటి చూశాను. చూడకుండా ఉండలేను కదా. విరామంలో ప్లంబరమ్మ ఏదో చెప్పింది, నడిమి వరస ఇద్దరూ ట్రాక్‌సూట్లు తొడుక్కుని కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు.

మొత్తం ఆరు-సున్నా. మా అమ్మాయి బురదలో ముంచి తీసినట్టుగా పరిగెత్తుకుంటూ వచ్చింది. నవ్వుతోంది.

"సెకండ్ హాఫ్ ఒక్కటే, అమ్మా! చూశావా? ఒక్కటే!"

చెప్పాలా? చెబితే ఆ నవ్వు పోతుంది. చెబితే అది పామర్‌స్టన్ నార్త్ వెళుతుంది, నాకు కావలసింది అదే. మరి నిజమని చెబుతున్నానా, నాకు పనికొస్తుందని చెబుతున్నానా? నా మీద నాకే అనుమానం వచ్చిన రోజు అదొక్కటే. చెప్పకపోతే మాత్రం ఇంకోసారి దాని మ్యాచ్ నేను ఆడినట్టు.

"వాళ్ళు ఇద్దరిని కూర్చోబెట్టేశారే," అన్నాను. "రెండో సగంలో. బంతులందించే వాళ్ళని."

నవ్వు ఆగింది. తల తిప్పి బెంచీ వైపు చూసింది. ట్రాక్‌సూట్లు కనిపించాయి. గ్రౌండుకి అడ్డంగా నడుచుకుంటూ ప్లంబరమ్మ దగ్గరికి వెళ్ళింది. వెనకాలే నేను.

"మా మీద జాలిపడ్డారా?" అని అడిగేసింది. అంతే. ముందొక మాట లేదు, వెనకొక మాట లేదు. ఇది నా కడుపున ఎలా పుట్టిందా అనిపించింది.

"జాలి కాదు. బుధవారం మాకు లీగు మ్యాచ్ ఉంది, వాళ్ళిద్దరికీ విశ్రాంతి కావాలి," అంది ఆవిడ. "కానీ వాళ్ళుంటే నీకు ఇంకో రెండు పడేవి."

"అంటే ఎనిమిది."

"ఎనిమిది అయ్యేవి."

"మీ జట్టులో నేను నిలబడగలనా?"

ఆవిడ పైకప్పు చూడలేదు, నిట్టూర్చలేదు. "ఇవాళయితే లేదు," అంది. "రెండో సగంలో ముందుకొచ్చి నిలబడ్డావు చూడు, అది నీకు ఎవరూ చెప్పలేదు. దాన్ని బట్టి వచ్చే సీజన్ సగానికి నిలబడతావనుకుంటున్నా. నా అంచనా తప్పు కావచ్చు. ఈ ఏడాది చాలా తప్పాయి, పట్టిక చూశావుగా. చోటు మాత్రం ఉంది, నీకు కావాలంటే."

నా బుర్ర తన పని తాను చేసుకుపోతోంది. 'ఇవాళ లేదు' అనడం కూడా ఒక ఎత్తేనా? సరుకు మీద కావాలని ఒక లోపం చూపించి నమ్మకం సంపాదించే కొట్టువాళ్ళు నాకు తెలుసు. ఒకాయనకి నేను మేనకోడల్ని. ఆవిడ కళ్ళల్లోకి చూశాను, బూట్ల వంక చూశాను. ఏమీ దొరకలేదు. నమ్మాను. కనీసం కారు దాకా.

కారులో కూర్చున్నాక ఆ మాట నేనే ఎత్తాను. "నిలబడలేనంటే పామర్‌స్టన్ నార్త్ అన్నావు. లేదని ఆవిడే చెప్పింది."

"ఆ."

"మరి?"

"మొన్న గెలిచాక అందరూ నన్ను సూపర్ అన్నారు. మాస్టారు, అంకుల్, నాన్న. నువ్వు కూడా," అంది, సీటు నిండా బురద పూస్తూ. "ఈవిడొక్కతే లేదు అంది. ఎందుకు లేదో కూడా చెప్పింది. నేను ఆవిడ దగ్గరే ఉంటా."

"ఓడిపోయే జట్టే అది."

"తెలుసు. ఇవాళ మనం వాళ్ళ చేతిలోనే కదా ఓడాం."

ఒక ఏడాది అక్కడ చదివి ఆ తరవాత వచ్చి చేరితేనో అన్నాను. సెలవుల్లో మాత్రం ఆడితేనో అన్నాను. అది రేడియో పెట్టుకుంది.

ఆ రెండు మ్యాచ్‌ల్లో చివరికి ఎవరు గెలిచినట్టన్న దాని మీద ఇప్పటికీ మా ఇళ్ళల్లో వాదన నడుస్తుంటుంది. క్రైస్ట్‌చర్చ్ స్నేహితుడు ఫోన్ చేసినప్పుడల్లా "ఒకటి మనం గెలిచాం, ఒకటి వాళ్ళు గెలిచారు, సమానం," అంటాడు. మావారు "అది మ్యాచ్ కాదురా, మా ఆవిడ బేరం," అంటారు. నన్నడిగితే ఒకటే మాట. మంచి కాలేజీ జట్టు నీరసమైన జీతగాళ్ళ జట్టుని ఓడించగలదా అంటే, ఓడించగలదు, ఆ జీతగాళ్ళు మర్యాదస్తులై ఉండి వాళ్ళకి నాలాంటి మేనేజర్ తగిలితే.

సెలవుల చివరి శుక్రవారం మా అమ్మాయి వంటింటి బల్ల దగ్గర కూర్చుని ప్లంబరమ్మకి వస్తానని మెసేజ్ పెట్టింది. తరవాత పామర్‌స్టన్ నార్త్ హాస్టల్ వాళ్ళకి రావడం లేదని మెయిల్ రాసింది. పంపేముందు లాప్‌టాప్ నా వైపు తిప్పింది. రెండే వరసలు. 'ప్రస్తుతానికి' అని ఒక్క మాట చేర్చమన్నాను, ఎందుకైనా మంచిదని. చేర్చలేదు. నా ఎదురుగానే పంపించేసి, గ్లవ్స్ ఉతకడానికి సింకులో వేడినీళ్ళు వదిలింది.